చెక్ తీసేస్తే పనిచేస్తుంది అనేవాళ్ళకి

"అన్నా, సెట్‌ఇన్‌సెక్యూర్ అని ఒక్క లైను పెట్టేయ్, కనెక్ట్ అయిపోద్ది." నెట్‌కి కలిసే పరికరం, అవతలి సర్వర్ అసలుదేనా అని చూసే చెక్‌ని ఆపేసే కోడ్ అది. ఈ సలహా గత ఏడాదిలో నాకు ఎంతమంది ఇచ్చారో లెక్కలేదు. యూట్యూబ్‌లో చూసి చెప్పేవాళ్ళు కొందరైతే, పదేళ్ళ అనుభవం ఉండి చెప్పేవాళ్ళు ఇంకొందరు. ఇకనుంచి ఎవరైనా ఆ మాట పంపితే జవాబు రాయను, ఈ పోస్టు లింకు పంపిస్తాను.

మేం చేసేది చిన్న పని. రొయ్యల చెరువుల్లో నీటిలో ఆక్సిజన్ ఎంతుందో చూసే పెట్టెలు కడతాం, భీమవరం చుట్టుపక్కల పెడతాం. లోపల ఒక ఈఎస్‌పీ32 చిప్పు, ఒక 4జీ మోడెం, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లని ఆన్ ఆఫ్ చేసే రిలే (స్విచ్చు) ఉంటాయి. పెట్టె క్లౌడ్‌తో ఎంక్యూటీటీ అనే పద్ధతిలో, 8883 పోర్టు (నంబరున్న ఒక ద్వారం) మీద మాట్లాడుతుంది. మాటలు మొదలయ్యే ముందు ఇద్దరూ ఒకరి ఆధార్ ఒకరు చూసుకుంటారు అనుకోండి. సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తే, దాని మీద సంతకం చేసింది తను నమ్మే పెద్దమనిషేనా అని పెట్టె చూస్తుంది. ఆ పెద్దమనిషి పేరే రూట్ సీఏ. తర్వాత పెట్టె తన సర్టిఫికెట్ చూపిస్తుంది.

ఆ ఒక్క లైను ఇందులో మొదటి సగాన్ని పీకేస్తుంది. అవతల ఎవరున్నా సరే, పెట్టె వెళ్ళి చేతులు కలిపేస్తుంది. "మన దగ్గర దొంగిలించడానికి ఏముందన్నా, ఆక్సిజన్ అంకెలేగా" అంటారు. రిలే సంగతి మర్చిపోతే ఎలా? దారిలో ఎవడో దొంగ సర్వర్ పెట్టి "ఏరేటర్లు ఆపు" అంటే పెట్టె బుద్ధిగా ఆపేస్తుంది. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లారగట్ల. రాత్రంతా నీళ్ళలో ఉన్న జీవులన్నీ ఊపిరి పీల్చుకుంటాయి తప్ప, ఎండ లేక నాచు కొత్తగా ఆక్సిజన్ ఇవ్వదు. ఆ సమయంలో రెండు గంటలు ఏరేటర్లు ఆగితే ఆ రైతు పంట ఏమవుతుందో గట్టు మీద ఒక్క రాత్రి పడుకుని చూడండి.

ఇప్పుడు నా గోల చెప్తాను.

మా పాత రైతు ఒకాయన ఉన్నారు, మేం బాబాయ్ అనే పిలుస్తాం. ఆయన దగ్గర కొత్త పెట్టె బిగించిన నాలుగో రోజు పొద్దున్నే ఫోన్. "ఏమండీ, మీ పెట్టె రాత్రి కరెంట్ పోయి వచ్చాక మరి లేవలేదండి." నేను ఆఫీసులో కూర్చుని అలాంటి పెట్టే ఇంకోటి తీసి సాఫ్ట్‌వేర్‌తో పదిసార్లు రీస్టార్ట్ కొట్టాను. పదిసార్లూ కనెక్ట్ అయింది. ల్యాప్‌టాప్‌లో సర్టిఫికెట్లు పరీక్షించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ పెట్టి, అవే సర్టిఫికెట్లు, వాటికి జతైన అదే రహస్య కీ ఇచ్చి ఎస్‌_క్లయింట్ కమాండ్ కొట్టాను. వెరిఫై రిటర్న్ కోడ్ సున్నా, ఓకే. అంటే సర్టిఫికెట్లు బాగున్నాయి, కీ బాగుంది, సర్వర్ బాగుంది. "బాబాయ్, మీ దగ్గర సిగ్నల్ లేదేమో" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. అదే గట్టు మీద నిలబడి నాకు వీడియో కాల్ చేశారు, అంతే. సిగ్గేసింది.

ఇలాంటి సమస్యలో టైం తినేసేది ఎర్రర్ మెసేజే. పైన కనిపించేది "హ్యాండ్‌షేక్ ఫెయిల్డ్", లేదా 2700 అనే ఒక అంకె. సర్టిఫికెట్ పరీక్షలో తప్పిందని దానర్థం. ఏ సబ్జెక్టులో తప్పిందో మాత్రం చెప్పదు. లైబ్రరీకి తెలుసు, లోపల జెండాలు ఉంటాయి. గడువు తీరిందా, గడువు ఇంకా మొదలవలేదా, పేరు కలవలేదా, సంతకం చేసినవాణ్ణి నమ్మలేమా అని ఒక్కోదానికి ఒక్కో జెండా. మనం వాటిని లాగ్‌లోకి తెప్పించుకోవాలి. పది లైన్ల కోడ్. ఆ పది లైన్లు రాయడానికి బద్ధకించి రెండు రోజులు సర్టిఫికెట్లు మళ్ళీ మళ్ళీ డౌన్‌లోడ్ చేసి మార్చాను. మూడో రోజు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గట్టు మీదకే వెళ్ళి కేబుల్ గుచ్చాను. జెండా చూస్తే, సర్టిఫికెట్ చెల్లుబాటు భవిష్యత్తులో మొదలవుతుంది అని ఉంది. సర్వర్ ఆ సర్టిఫికెట్ తీసుకుని నెలలైంది. భవిష్యత్తేంటి?

పెట్టెని టైం అడిగాను. 1970 జనవరి 1, అర్ధరాత్రి దాటి రెండు నిమిషాలు అయిందంది.

ఈఎస్‌పీ32లో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు. కరెంట్ పోతే కాలం మళ్ళీ 1970 నుంచి మొదలు. నెట్ వచ్చాక ఎన్‌టీపీ అనే టైం చెప్పే సర్వర్ని అడిగి సరిచేసుకోవాలి. ఎన్‌టీపీ నడిచేది యూడీపీ 123 పోర్టు మీద. మేం వాడే సిమ్ ప్లాన్‌లో 8883, డీఎన్‌ఎస్ (సర్వర్ పేరుకి అడ్రస్ చెప్పేది) తప్ప అన్ని దారులూ మూసేయించింది నేనే, సెక్యూరిటీ అనుకుంటూ. మరి మొదటి మూడు రోజులు ఎలా పనిచేసింది? బిగించేటప్పుడు మా కుర్రాడు తన ఫోన్ హాట్‌స్పాట్‌తో సెటప్ చేశాడు. టైం అక్కడినుంచి వచ్చి కూర్చుంది. మరి ఆఫీసులో రీస్టార్ట్ కొడితే ఎందుకు పోలేదు? సాఫ్ట్‌వేర్ రీస్టార్ట్‌కి ఈ చిప్పులో గడియారం పోదు, కరెంట్ తీస్తే పోతుంది. నేను పదిసార్లు రీస్టార్ట్ కొట్టాను తప్ప ఒక్కసారి ప్లగ్గు పీకలేదు. బాబాయ్ మొదటి ఫోన్‌లోనే "కరెంట్ పోయి వచ్చాక" అన్నారు. ఆ మాట నా చెవిలో పడింది కానీ బుర్రలోకి పోలేదు.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఈఎస్‌పీ32 సొంత డెవలప్‌మెంట్ కిట్‌లో సర్టిఫికెట్ తేదీలు చూడాలా వద్దా అని ఒక ఆప్షన్ ఉంటుంది. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది. పద్ధతిగా చేద్దామని నేనే ఆన్ చేశాను. ఈ కథ విన్న ఒక సీనియర్ వెంటనే "మరి ఆఫ్ చేసేయొచ్చుగా" అన్నారు. చూశారా, మళ్ళీ అదే మందు. చెప్పుకి మేకు దిగితే కాలు తీసేయమన్నట్టు.

మేం చేసింది ఇది. మోడెంని అడిగితే టవర్ ఇచ్చిన టైం చెప్తుంది, దానికి ఒక ఏటీ కమాండ్ ఉంది. జవాబు చివర ప్లస్ 22 అని వస్తే అదేంటో తెలియక అరగంట బుర్ర గోక్కున్నాను. పావుగంటల్లో లెక్కట. ఇరవై రెండు పావుగంటలు, అంటే ఐదున్నర గంటలు, మన టైం జోన్. టవర్ టైం ఇవ్వని చోట్ల కోసం డీఎస్3231 అనే గడియారం చిప్పు, ఒక బటన్ సెల్ పెట్టాం. ఇంకో చిన్న జాగ్రత్త కూడా పెట్టాం. వచ్చిన టైం ఫర్మ్‌వేర్ (పెట్టెలోని సాఫ్ట్‌వేర్) తయారైన తేదీకన్నా వెనక ఉంటే నమ్మొద్దు. టీఎల్‌ఎస్‌కి, అంటే ఈ సర్టిఫికెట్ల తాళానికి, టైం కావాలి, ఆ టైమేమో ఏ తాళం లేని దారిలోంచి వస్తుంది. ఈ ముడి పూర్తిగా విప్పలేదు, కొంచెం వదులు చేశానంతే.

మిగతా తప్పులు ఇంత కథ కాదు. సర్టిఫికెట్‌ని వర్డ్ ఫైల్‌లో పెట్టి పంపితే మొదటి లైనులో ఉండే చిన్న గీతలు కలిసి పొడుగు గీతలైపోతాయి, ఫైలు చదవడం రాదు. ఒక పెట్టె సర్టిఫికెట్, ఇంకో పెట్టె కీ కలిపి ఎక్కిస్తారు. క్లౌడ్ వైపు సర్టిఫికెట్‌ని యాక్టివేట్ చేయరు, లేదా అది ఏమేం చేయొచ్చో చెప్పే పాలసీ తగిలించరు. ఇవన్నీ ఒక పూటలో దొరుకుతాయి.

అలా దొరకనిది రూట్ సీఏ తప్పు. పెట్టెలో ఒకే ఒక్క రూట్ కాల్చి (చిప్పులోకి రాసేసి), మార్చే దారి లేకుండా మూత బిగించేసేవాళ్ళ మీద నాకు నిజంగానే కోపం. రూట్లకీ ఆఖరి తేదీ ఉంటుంది. 2021 సెప్టెంబర్ 30న డీఎస్‌టీ రూట్ సీఏ ఎక్స్3 గడువు తీరింది. దాని మీద ఆధారపడ్డ లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ సర్టిఫికెట్లున్న సైట్లు ఎన్నో పాత పరికరాల్లో తెరుచుకోవడం మానేశాయి. బాల్టిమోర్ సైబర్‌ట్రస్ట్ రూట్ గడువు 2025 మే 12 వరకే. దానికోసం మైక్రోసాఫ్ట్ ఇలాంటి పరికరాలు కలిసే తన అజ్యూర్ ఐఓటీ హబ్‌ని 2023లోనే డిజిసర్ట్ గ్లోబల్ రూట్ జీ2కి మార్చడం మొదలుపెట్టింది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా మూగబోవడానికి కారణం పదేళ్ళ కిందట ఇచ్చిన రూట్‌కీ పరికరానికీ మధ్య ఉండే ఒక సర్టిఫికెట్ గడువు ముగియడం. గూగుల్ అంతటి వాళ్ళకే తప్పలేదు. మన పెట్టెలు చెరువు గట్టు మీద ఏడెనిమిదేళ్ళు ఉండాలని అమ్ముతాం కదా, లోపల రూట్ ఎన్నేళ్ళు ఉంటుందో అమ్మేముందు ఒక్కసారి చూడరేం?

ఇంకా కొందరు రూట్ కాదు, ఏకంగా సర్వర్ సర్టిఫికెట్‌నే పెట్టెలో కాల్చేస్తున్నారు. అదేదో ఎక్కువ భద్రత అనుకుంటారు. పబ్లిక్ సర్టిఫికెట్ల గరిష్ఠ గడువు 398 రోజుల నుంచి 2026 మార్చి 15కి 200 రోజులు, 2027 మార్చికి 100 రోజులు, 2029 మార్చికి 47 రోజులకి తగ్గించాలని సర్టిఫికెట్లిచ్చేవాళ్ళు, బ్రౌజర్లు చేసేవాళ్ళు కలిసిన సీఏ బ్రౌజర్ ఫోరం 2025లోనే తీర్మానించింది. నలభై ఏడు రోజులు! పంట చేతికొచ్చేలోపే సర్టిఫికెట్ మారిపోతుంది. ప్రతిసారీ స్క్రూడ్రైవర్ పట్టుకుని గట్లన్నీ తిరుగుతారా? కొత్త పెట్టెల్లో మేం రెండు మూడు రూట్లు పెడుతున్నాం, అవి ఓటీఏ అప్‌డేట్‌లో, అంటే మూత విప్పకుండా నెట్ మీదుగానే, మారేలా చేశాం.

ఇంత అరిచాక ఒకటి ఒప్పుకోవాలి. మొదటి సీజన్‌లో, డెలివరీ టెన్షన్‌లో, నేనూ ఆ లైను పెట్టాను. అప్పుడు బిగించినవి పదకొండు పెట్టెలు. వాటిలో ఓటీఏ కూడా లేదు. అవి ఈ క్షణాన కూడా ఎవడు సర్వర్నంటే వాణ్ణి నమ్ముతూ గట్ల మీద నిలబడి ఉన్నాయి. నిన్న బాబాయ్‌కి ఫోన్ చేసి, "ఆదివారం వస్తున్నానండి, పాత పెట్టె ఓసారి విప్పాలి" అన్నాను.

"బాగానే పనిచేస్తుంది కదండీ, మళ్ళీ ఎందుకు విప్పడం?" అన్నారు.

వచ్చాక చెప్తానన్నాను.