కుర్తీకి జేబు అడిగితే తప్పా?

వస్త్రలత బట్టల మార్కెట్లో గుడ్డ కొని బెజవాడలో ఏ టైలరుకిచ్చినా ఒకటే మాట: "ఆడపిల్ల డ్రెస్సుకి జేబెందుకమ్మా, షేపు పోద్ది." నాయనమ్మలు తాళాలగుత్తి, డబ్బులు రొంటిన దోపుకుని తిరిగారు, ఆడతనం తగ్గిందని ఎవరూ అనలేదే! అమ్మల తరానికి చిన్న పర్సు జాకెట్లోకి చేరింది. ఇప్పటి పిల్లకి చేతిలో ఫోను, భుజాన బ్యాగు. సిటీ బస్సులో రాడ్ పట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు.

షేపు పోయేది జేబు వల్ల కాదు, కుట్టే తీరు వల్ల. సైడ్ కట్ మరీ పైకి తీసేస్తే జేబుకి చోటెక్కడిది? నడుముకి 2 అంగుళాల కింద మొదలెట్టి 6 అంగుళాల నోరు ఉంచి, కట్ ఆ కిందనుంచి తీయాలి. జేబు లోపలి సంచి పొడవు మొత్తం 10 అంగుళాలుంటే ఫోను జారదు. ఆ సంచికి పావు మీటరు పాప్లిన్ చాలు. పల్చటి లైనింగ్ గుడ్డ వేస్తే తాళాలకే చిరుగుతుంది. రేయాన్ బరువుకి సాగుతుంది కాబట్టి నోటి వెంబడి సన్నటి కాన్వాస్ పట్టీ వేసి, రెండు చివర్లా కుట్టు మీద కుట్టు వేయాలి.

అదే టైలరు మగపిల్లాడి లాల్చీకి అడక్కుండానే రెండు జేబులు పెడతాడు. దానికీ సైడ్ కట్లుంటాయి కదా!