మూత రాని డ్రమ్ము

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడలో మా సింగ్ నగర్ మీద పడినప్పుడు మూడో అంతస్తులో ఉన్నాం కాబట్టి మా ఇంట్లోకి నీళ్లు రాలేదు. పాలు, కూరలు, గ్యాసు బండ కూడా రాలేదు. డ్రోన్లతో ఆహార పొట్లాలు వేస్తున్నారని డాబా ఎక్కి చేతులు ఊపితే, వచ్చిన ఒక్క డ్రోనూ మమ్మల్ని బాగా చూసి వెళ్లి పక్క అపార్ట్‌మెంట్ మీద దించింది. తర్వాత ప్రభుత్వం 25 కిలోల బియ్యం, పప్పు, నూనె ఇచ్చింది. కాదనను. కానీ కింద మురుగు నిలబడి, కుళాయిలో చుక్క లేనప్పుడు బియ్యం ఎలా వండుకుంటాం?

అందుకని పొయ్యితో పని లేని సరుకు ఇంట్లో ఉండాలని తీర్మానించుకున్నాం. మా ఆయన రూ.1500 ఇచ్చి, "రూపాయి దాటకూడదు" అన్నారు. వన్‌టౌన్ హోల్‌సేల్ కొట్లో అటుకులు, మరమరాలు, పుట్నాలు, వేయించిన పల్లీలు, బెల్లం, ఖర్జూరం, ఒక పాలపొడి ప్యాకెట్టు కొన్నాను. అటుకులు తడిపి బెల్లం కలిపితే టిఫిన్. పుట్నాలకి అదీ అక్కర్లేదు. పల్లీలు మాత్రం నూనె సరుకు, మక్కువాసన వస్తాయి కనుక మూడు నెలలకోసారి పాతవి తినేసి కొత్తవి పోసుకోవాలి. పద్ధతంతా ఇంతే. అత్తయ్య పాత స్టీలు బియ్యం డ్రమ్ము ఇచ్చారు. అక్కడితో ఆగి ఉంటే ఏ గొడవా లేదు.

కానీ మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ఆగనివ్వరు. ఆయన గ్రూపులో రోజూ ఉదయం ఐదింటికి ఒక సలహా పెడతారు. నెలనెలా జనరేటర్‌కని ఇంటికి రూ.500 వసూలు చేసే మనిషి, డీజిల్ ఎప్పుడు పోయిస్తారో తప్ప మిగతావన్నీ చెబుతారు. ఆ రోజు సలహా ఏమిటంటే, డ్రమ్ములో సరుకు మీద గిన్నె పెట్టి, అందులో కొవ్వొత్తి వెలిగించి మూత బిగించాలి. లోపల ఆక్సిజన్ అంతా అయిపోయి పురుగన్నది పట్టదట. గాలి చొరబడకుండా మూత చుట్టూ గోధుమపిండి ముద్ద మెత్తాలట. మా ఆయన ఏ పని చెప్పినా "చూద్దాంలే" అనే మనిషి. దీనికి మాత్రం చొక్కా చేతులు మడుచుకుని కూర్చున్నారు. దమ్ బిర్యానీకి మెత్తినట్టు మెత్తి, డ్రమ్ముని అటక మీదికి ఎక్కించేశారు. మూడు నెలలకోసారి తీయాలన్న సంగతి కూడా దాంతోపాటే అటకెక్కింది.

మొన్న తుపాను హెచ్చరిక వచ్చింది. సాయంత్రానికి కరెంటు పోయింది, జనరేటర్ రెండుసార్లు దగ్గి ఊరుకుంది, మోటారు ఆగింది, గ్యాసు ఆ రోజే అయిపోయింది. నాకు లోపల్లోపల కొంచెం సంబరంగా కూడా ఉంది. డ్రమ్ము దించాం.

మూత రాలేదు.

ఎండిన పిండిని అట్లకాడతో గీకితే అట్లకాడ వంగింది. మా ఆయన పప్పుగుత్తితో చుట్టూ కొట్టారు. ఆ చప్పుడుకి ఎదురింటివాళ్లు వచ్చారు, వాళ్ల వెనక పైఅంతస్తు వాళ్లు. కరెంటు లేని ఇళ్లలో జనానికి ఇంకేం పని ఉంటుంది? హాల్లో ఏడెనిమిది సెల్‌ఫోన్ లైట్లు, మధ్యలో డ్రమ్ము. పైఇంటి ఇంజినీరు గారు వంగి మూతని పరీక్షించి, "స్టీలు వేడికి వ్యాకోచిస్తుందండీ, వేడినీళ్లు పోయండి" అన్నారు. గ్యాసు లేదని చెబితే, "సూత్రం అయితే అదే" అని సోఫాలో కూర్చున్నారు. అత్తయ్య "బోర్లించి అడుగున చరచండే, ఆవకాయ జాడీకి అలాగే చేస్తాం" అన్నారు. బోర్లించాం. ఎదురింటాయన కాళ్లతో డ్రమ్ముని ఒడిసి పట్టుకుంటే మా ఆయన మూత పట్టి లాగారు. ఇద్దరూ చెరోవైపు పడ్డారు కానీ మూత కదల్లేదు. కొవ్వొత్తి ఆరిపోయాక కూడా లోపల ఆక్సిజన్ బోలెడు మిగిలే ఉంటుందని, వేడిగాలి చల్లారినప్పుడు మాత్రం మూత లోపలికి గుంజుకుని బిగుస్తుందని మావాడి సైన్సు మాస్టారు తర్వాత చెప్పారు. అంటే పురుగుకి ఏ ఇబ్బందీ లేదు, ఇబ్బందంతా మనుషులకే.

ఇంతలో సెక్రటరీ గారు టార్చితో వచ్చారు. "నేను చెప్పినట్టే చేశారన్నమాట! చూశారా, ఎంత గట్టి సీలో!" అని నలుగురికీ చూపించారు. బయట మెట్ల దగ్గర చోటెక్కువ అని డ్రమ్ముని అటు దొర్లించమన్నారు. చీకట్లో ఎవరు వదిలారో తెలియదు. మూడో అంతస్తు నుంచి మెట్టుమెట్టుకీ మోగుతూ పోయింది. రెండో అంతస్తులో ఎవరో "ట్రాన్స్‌ఫార్మర్!" అని అరిచారు. మొదటి అంతస్తు పెద్దాయన భూకంపమనుకుని మందుల డబ్బాతో సహా బయటికి వచ్చేశారు. చప్పుడు ఆగాక, కింద చీకట్లోంచి వాచ్‌మెన్ కొడుకు గొంతు వినబడింది, "ఎవరిదండీ ఇది?" అని.

ఆ కుర్రాడు స్క్రూడ్రైవర్ తెచ్చి మూత అంచులో దూర్చి ఒక్క మెలి తిప్పాడు. టప్‌మని వచ్చేసింది. చదువుతో పనేం పడలేదు. లోపల గిన్నె తిరగబడి, అటుకుల్లో కొవ్వొత్తి ముక్కలు. పాలపొడి పగిలి అన్నింటికీ సమానంగా పట్టింది. పల్లీల సంచిలోంచి ఓ ముక్కుపురుగు తాపీగా బయటికి నడిచింది.

అయినా ఆకలి కదా. ఏరుకుని, చెరిగి, పుట్నాలూ బెల్లమూ మెట్ల మీదే అందరికీ పంచేశారు. మీరు అపార్థం చేసుకోకండి, పెట్టడానికి నాకేం బాధ లేదు. మా నలుగురి కోసం కొన్న సరుకు అరగంటలో పదిహేను ఇళ్లకి సరిపోయిందంటే సంతోషించాల్సిందే. మా వంతుకి వచ్చేసరికి మరమరాలు మిగిలాయి.

తెల్లారి ఐదింటికి గ్రూపులో ఫొటో పడింది. అసోసియేషన్ తరఫున తుపాను బాధితులకు అల్పాహార పంపిణీ అని. ఫొటోలో టార్చి పట్టుకుని సెక్రటరీ గారు, వెనక మా ఆయన మోచెయ్యి. దాని కిందనే, వచ్చే నెల నుంచి అత్యవసర ఆహార నిధికి ఇంటికి రూ.200 అని ఇంకో మెసేజ్.

నమూనాగా పనికొస్తుందని మా డ్రమ్ము మూత కూడా వాళ్లింటికి పట్టుకుపోయారు. అడిగితే మీటింగులో మాట్లాడదాం అంటున్నారు.