మా అబ్బాయికి ఉద్యోగం ఉంది

పంచాంగ శ్రవణం అయ్యాక, కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలను వేదిక మీదికి పిలిచి శాలువా కప్పడం అమెరికాలోని మన తెలుగు సంఘం ఉగాది ఆనవాయితీ. ఈసారి ఆ వరసలో మా అబ్బాయి కూడా ఉన్నాడు. ఒక్కొక్కరి కంపెనీ పేరు చదువుతుంటే చప్పట్లు మోగాయి. మావాడి వంతు వచ్చింది. "ప్రభుత్వ హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెబుతున్నాడు" అని చదివిన వ్యాఖ్యాత ఒక్క క్షణం ఆగి, "త్వరలోనే మంచి ఉద్యోగం రావాలని అందరం ఆశీర్వదిద్దాం" అన్నారు. హాలంతా చప్పట్లు కొట్టింది.

ఆయన మనసులో చెడు లేదు, నిజంగానే దీవించారు. నాకు గుచ్చుకున్నది అదే. వెటకారమైతే ఒక మనిషి దురుసుతనం అనుకుని ఊరుకునేదాన్ని. అందరూ మనస్ఫూర్తిగా చప్పట్లు కొట్టిన దీవెనను ఎలా మరచిపోను?

మావాడు కంప్యూటర్ సైన్సు చదివాడు. కంపెనీలో చేరి మంచి పేరే తెచ్చుకున్నాడు. అయినా ఆదివారం పొద్దు వాలేసరికి ముఖం వాడిపోయేది. అదే మనిషి, శనివారం మన తెలుగు బడిలో పాఠం చెప్పి వచ్చిన రోజు, ఏ పిల్లవాడు ఏ ప్రశ్న వేశాడో చెబుతూ వంటింట్లో నా వెనకే తిరిగేవాడు. చివరికి కొలువు వదిలి, మళ్లీ చదివి, టీచర్ లైసెన్సు తెచ్చుకున్నాడు. జీతం బాగా తగ్గింది. ఇల్లు కొనే ఆలోచన వెనక్కి పోయింది. ఇష్టమైన పని చేస్తే డబ్బు దానంతట అదే వస్తుందని నేను ఎవరికీ చెప్పను. రాదు. కానీ ఇప్పుడు ఆదివారం సాయంత్రాలు మా భోజనాల బల్ల నిండా దిద్దాల్సిన పేపర్లుంటాయి, వాడు హుషారుగా ఉంటాడు.

మొన్న చలికాలంలో తరగతిలో 1965 వలస చట్టం గురించి చెప్పాడట. పుట్టిన దేశాన్ని బట్టి పెట్టిన పాత కోటాలను తీసేసి, కుటుంబ బంధానికీ వృత్తి నైపుణ్యానికీ చోటిచ్చిన చట్టం అది. మీ ఇంటివాళ్లు ఈ దేశానికి ఎలా వచ్చారో కనుక్కుని రాయండని పిల్లలకు ఇంటిపని ఇచ్చి, నన్నూ అడిగాడు. పాత ఫైళ్లు దించి కూర్చున్నాం. వాళ్ల నాన్నగారి హెచ్-1బి ఉద్యోగ వీసా, ఉద్యోగి భార్యాబిడ్డలకు ఇచ్చే హెచ్-4 మీద వచ్చిన నా కాగితాలు, పొడిగింపు నోటీసులు, ఇక్కడే స్థిరంగా ఉండనిచ్చే గ్రీన్ కార్డు కోసం పంపిన పత్రాల నకళ్లు. ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని, అప్పుడు మీరు ఏమనుకున్నారు, ఎంత భయపడ్డారు అని అడుగుతుంటే నాకు ఒక సంగతి తేటతెల్లమైంది. మనం సంప్రదాయం అనుకుంటున్న ఆ నాలుగైదు 'మంచి ఉద్యోగాల' జాబితా మన తాతలు రాసింది కాదు. వీసా చట్టాలు రాసింది.

మా నాన్నగారు జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన వీధిలోకి వస్తే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. మంచి ఉద్యోగం రావాలని ఆయనను ఎవరూ దీవించలేదు. మన సంఘంలో మాస్టార్ల పిల్లలు చేతులెత్తండి అంటే ఎన్ని చేతులు లేస్తాయో మీకే తెలుసు.

భయం ఊరికే రాలేదు, ఒప్పుకుంటాను. హెచ్-1బి వీసాలు ఏడాదికి 65,000, ఇక్కడ మాస్టర్స్ చేసినవారికి మరో 20,000. ఉద్యోగం పోతే 60 రోజుల్లో దారి వెతుక్కోవాలి. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండటంతో మనవాళ్ల వరస ఏళ్లూ పూళ్లూ కదలదు. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, 12 నెలలు. సైన్సు, ఇంజనీరింగు చదివితే మరో 24. అప్పు చేసి వచ్చిన కుర్రవాడికీ, 21 ఏళ్లు నిండితే హెచ్-4 పోతుందని బెంగపడే అమ్మాయికీ మనసుకు నచ్చినదే చేయమని చెప్పడానికి నాకు నోరు రాదు.

మరి ఇక్కడే పుట్టిన పిల్లలకు ఈ గడువులేవీ లేవు కదా! మనం ఇంత ఓర్చుకున్నది వాళ్లకు ఆ భయం ఉండకూడదనే. కష్టపడి సంపాదించిన ఆ నిశ్చింతను వాళ్లకు ఇవ్వకుండా, మన పాత భయాన్ని ఎందుకు చేతిలో పెడుతున్నాం? వైద్యం మీద ప్రేమతో డాక్టర్లయిన పిల్లలను చూసి నేనూ మురిసిపోతాను. కూతురి అరంగేట్రానికి హాలు అద్దెకు తీసుకుని వందలమందికి విందు పెట్టిన తల్లిదండ్రులే, నాట్యమే వృత్తిగా పెట్టుకుంటానని ఆ అమ్మాయి అంటే నెలల తరబడి మాట్లాడకపోవడం మాత్రం చూడలేకపోతున్నాను.

కార్యవర్గానికి నా విన్నపం. పిల్లల పేర్లు చదివేటప్పుడు చేస్తున్న పని చెప్పి ఊరుకోండి. పెళ్లి సంబంధాల పరిచయ వేదిక దరఖాస్తులో పేరు కిందనే ఉన్న జీతం గడి తీసేయండి. ఉపకార వేతనాలకు సంగీతం, బోధన, చేతిపనులు చదివే పిల్లలనూ అర్హులను చేయండి. సెప్టెంబరు గురుపూజకు మన బడి స్వచ్ఛంద గురువులతో పాటు ఈ ఊరి ప్రభుత్వ పాఠశాలల్లో మన పిల్లలకు చదువు చెబుతున్న టీచర్లనూ పిలవండి. వాళ్లకు ఉత్తరాలు రాసి ఆహ్వానించే పని నేను చూసుకుంటాను.