ట్రెక్‌కి 10 వేలు, బట్టలకి 41 వేలా?

మా చిన్నాన్న కొడుకు డిసెంబర్‌లో ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ అనే మంచు కొండకి ట్రెక్ వెళ్లాల్సినవాడు. మొదటి ఉద్యోగం, చేతిలో నాలుగు డబ్బులు, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మంచు చూడబోతున్నాడు. నిన్న రాత్రి ఫోన్ చేసి "మానేశానన్నయ్యా" అన్నాడు. ఏమైందిరా అంటే, ట్రెక్ ఫీజు 10 వేలేగానీ బట్టల లిస్టు లెక్కేసుకుంటే 41 వేలు తేలిందట. ఇవన్నీ లేకుండా కొండెక్కితే ప్రాణాల మీదికి వస్తుందని ఏదో వీడియోలో చెప్పారట. ఆ లిస్టు పంపమన్నాను. చూశాక కోపంతో నిద్ర పట్టలేదు, అందుకే ఇదంతా రాస్తున్నాను, పొడుగైనా చదవండి.

లిస్టులో ఉన్నవి చెడ్డ వస్తువులని నేననను. మంచివే. కానీ నాలుగు రోజులు నడిచి వచ్చే కుర్రాడికి మెరీనో అనే విదేశీ గొర్రెల ఉన్ని బనియన్లు మూడు, వాన నీళ్లు ఆపి చెమట ఆవిరిని బయటికి వదిలే గోర్‌టెక్స్ జాకెట్టు, దానికి జతగా గోర్‌టెక్స్ ప్యాంటు, చలికో జాకెట్టు, గాలికో జాకెట్టు ఎందుకు? కొండ మీద లెక్కకొచ్చేది బట్ట దేనితో నేశారన్నది, దాన్ని ఎప్పుడు వేసుకుని ఎప్పుడు విప్పామన్నది. ఈ రెండూ తెలిస్తే బజార్లో దొరికే మామూలు బట్టలతో హిమాలయాల్లో వారాల తరబడి నడవొచ్చు. నేను నడిచాను కాబట్టే చెబుతున్నాను.

మాది విశాఖ. సింహాచలం గిరి ప్రదక్షిణ చేసినవాళ్లకు నా మాట తేలిగ్గా అర్థమవుతుంది. ఆషాఢ పౌర్ణమికి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెడితే కొండ చుట్టూ 32 కిలోమీటర్లు. పైన వాన, లోపల చెమట, ఆ ఉక్క సంగతి మా ఊరివాళ్లకు చెప్పక్కర్లేదు. నేను మొదటిసారి జీన్స్ వేసుకుని వెళ్లాను. అప్పూఘర్ చేరేసరికి తడిసిన జీన్స్ రాసుకుని రాసుకుని తొడలు పుండైపోయాయి, అక్కడి నుంచి ఒక్కో అడుగూ నరకం. నా ముందే అరవై దాటిన ఒకావిడ నైలాన్ చీర కాస్త పైకి దోపుకుని, తడుస్తూ, ఆరుతూ, గోవింద నామాలు చెప్పుకుంటూ ఒకే వేగంతో నడుచుకుంటూ వెళ్లిపోయింది. ఆవిడ చీర ఎన్నిసార్లు తడిసినా వాన ఆగిన కాసేపటికే ఆరిపోయేది. నా జీన్స్ మర్నాడు సాయంత్రానికి కూడా ఆరలేదు. దూరం నడిచేటప్పుడు ఏ బట్ట కావాలో నాకు మొదట అర్థమైంది ఆ చీరను చూసే.

అసలు సంగతి నీళ్లలో ఉంది. కాటన్ నీళ్లు తాగేస్తుంది, పట్టుకుని కూర్చుంటుంది. పాలిస్టర్ పోగు తన బరువులో ఒక్క శాతం నీళ్లు కూడా లోపలికి పీల్చుకోదు, పోగుల మధ్య చిక్కుకున్న తడి పిండితే పోతుంది, మిగిలింది ఒంటి వేడికే ఆరుతుంది. మరి తడి ఉంటే ఏమవుతుంది? గాలితో పోలిస్తే నీళ్లు దాదాపు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తాయి. ఎక్కేటప్పుడు చెమట పోస్తుంది, హాయిగానే ఉంటుంది. ఆగి కూర్చున్న పది నిమిషాలకు ఆ తడి బనియనే ఒంట్లో వేడినంతా బయటికి తోడేస్తుంది. శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి పోతే అది హైపోథర్మియా, అక్కడి నుంచి మాట తడబడుతుంది, బుద్ధి పనిచేయదు.

నా మొదటి హిమాలయ ట్రెక్ కూడా ఆ కేదార్‌కంఠే. నడక మొదలయ్యే ఊరు సాంక్రీ నుంచి జూడా కా తాలాబ్ క్యాంపు దాకా పైన ఖరీదైన జాకెట్టు, లోపల కాటన్ టీషర్టు. జాకెట్టు విప్పితే చలి వేస్తుందని విప్పకుండా ఎక్కాను. క్యాంపుకు చేరేసరికి లోపల టీషర్టు పిండితే నీళ్లు కారేలా ఉంది, టీ గ్లాసు పట్టుకుంటే చేతులు ఆగడం లేదు. గైడ్ వచ్చి మెడ దగ్గర చెయ్యి పెట్టి చూసి, ముందు లోపలిది విప్పు, పొడిది వేసుకో అన్నాడు. తన దగ్గరున్న పాత పాలిస్టర్ జెర్సీ ఇచ్చాడు. పావుగంటలో వణుకు తగ్గింది. ఆ రోజు నా ప్రాణానికి అంత ఖరీదు జాకెట్టు చేయలేని పని వెలిసిపోయిన ఫుట్‌బాల్ జెర్సీ చేసింది.

అలాగని కాటన్‌ని తిట్టే గుంపులో నన్ను కలపకండి. 'కాటన్ కిల్స్' అనే మాట చలి, తడి ఉన్న దేశాల్లో పుట్టింది. మన ఎండకి అది వర్తించదు. ఉగాదికి కర్ణాటక నుంచి శ్రీశైలం నడిచి వచ్చే భక్తులను చూడండి, వందల కిలోమీటర్లు, చివర్లో నల్లమల అడవి దారి, ఒంటి మీద వదులైన కాటన్ బట్టలు, తల మీద తువ్వాలు. పొడి వేడిలో కాటన్ పీల్చిన చెమట మెల్లగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది, అక్కడ అదే సరైన బట్ట. మన గొర్రెల కాపరుల గొంగడి సంగతీ అంతే. నల్ల దక్కనీ గొర్రె ఉన్ని, గరుకు నేత, వానకి తల మీద నుంచి కప్పుకుంటే నీళ్లు జారిపోతాయి, తడిసినా వెచ్చదనం పోదు, రాత్రికి అదే పరుపు, అదే దుప్పటి. నెలల తరబడి మందల వెంట నడిచేవాళ్లు ఎన్నో తరాల కిందే తేల్చుకున్న విషయాన్ని ఇప్పుడు విదేశీ ఉన్ని పేరు చెప్పి బనియన్ ఒక్కటీ నాలుగైదు వేలకు అమ్ముతుంటే నాకు బాధగా ఉంటుంది. మెరీనో మెత్తగా ఉంటుంది, వాసన తొందరగా రాదు, ఒప్పుకుంటాను. పాలిస్టర్ మూడో రోజుకి కంపు కొడుతుంది, నిజం. కంపు కొడితే ఎవరూ చావరు.

ఇక నేను నేపాల్‌లో అన్నపూర్ణ కొండల చుట్టూ తిరిగే అన్నపూర్ణ సర్క్యూట్ నడిచినప్పటి లెక్క. నడక మొదలయ్యే బేసిసహర్ సుమారు 760 మీటర్ల ఎత్తులో ఉంటుంది, వరి మళ్లూ అరటి చెట్లూ, అచ్చం మన ఊరి ఉక్క. ఆ దారిలో అన్నింటికంటే ఎత్తైన థొరాంగ్ లా కనుమ 5,416 మీటర్లు. వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే ఒకే నడకలో 30 డిగ్రీల తేడా. ఒకే సంచిలో రెండు కాలాల బట్టలు మోయాలి. జిమ్‌కి వేసుకునే పాలిస్టర్ టీషర్టులు రెండు, 600. తొందరగా ఆరే ట్రాక్ ప్యాంట్లు రెండు, 1,100. ఫ్లీస్, అంటే మెత్తటి పాలిస్టర్ నూగు బట్టతో కుట్టిన స్వెట్టర్, 800. థర్మల్స్ ఒక జత 700, అవి రాత్రి పడుకోవడానికి మాత్రమే, నడకలో ఒక్కసారి కూడా వేసుకోలేదు, కనుమ దాటిన రోజు తప్ప. లోపల సింథటిక్ దూది ఉన్న లావు జాకెట్టు ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్‌లో 1,500. వాన జాకెట్టు 2,500. మేజోళ్లు మూడు జతలు 900, చేతి గ్లోవ్స్ రెండు రకాలు 600. మంకీ క్యాప్ అమ్మ పెట్టింది, దాన్ని మించిన టోపీ నేనింతవరకూ చూడలేదు, చెవులూ మెడా ముక్కూ అన్నీ ఒక్క దెబ్బకి కప్పేస్తుంది. మొత్తం 8,700, బూట్లు కాకుండా. పన్నెండు రోజులు నడిచి ముక్తినాథ్‌లో దిగాను. దేనికీ లోటు రాలేదు.

ఫ్లీస్ ఇంత చవగ్గా ఎందుకు దొరుకుతుందో తెలుసా? 1979లో అమెరికాలో మాల్డెన్ మిల్స్ అనే కంపెనీ దాన్ని తయారుచేసింది. యజమాని ఆరన్ ఫాయర్‌స్టైన్ కావాలనే పేటెంట్ తీసుకోలేదు, అందరూ నేసుకోనీ అని వదిలేశాడు. అందుకే ఇవాళ లూధియానాలో నేసింది కూడా మన రోడ్డు పక్కకు వస్తోంది. చలికాలంలో స్వెట్టర్లు అమ్మడానికి మన ఊళ్లకొచ్చే టిబెటన్ల దగ్గర చూడండి, వెతికితే మంచి ఫ్లీస్ దొరుకుతుంది.

ఎమ్మా గేట్‌వుడ్ అని ఒక అమెరికన్ బామ్మ ఉండేది. 11 మంది పిల్లల తల్లి. 1955లో, 67 ఏళ్ల వయసులో, అమెరికా తూర్పు కొండల మీదుగా సాగే అపలాచియన్ ట్రెయిల్ అనే కాలిబాట మొత్తం ఒంటరిగా నడిచింది, 3 వేల కిలోమీటర్ల పైమాటే. కాళ్లకు కాన్వాస్ బూట్లు, భుజాన సొంతంగా కుట్టుకున్న గుడ్డ సంచి, వానకి స్నానాల గదిలో కట్టే ప్లాస్టిక్ తెర. తర్వాత ఇంకో రెండుసార్లు అదే దారి నడిచింది. వీడియోల్లో లిస్టులు చదివేవాళ్లు ఈవిడ పేరు ఒక్కసారైనా ఎత్తితే బాగుండును.

అయితే ఆగండి. చవక అంటే ఏదో ఒకటిలే అని కాదు, ఇక్కడ నేను చాలా గట్టిగా చెప్పాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ మా విశాఖ మీద విరుచుకుపడింది. చెట్లన్నీ కూలిపోయి, కరెంటు లేక, నీళ్లు లేక మేం ఉన్నాం. అదే తుఫాను బలహీనపడి పైకి వెళ్లి 14వ తేదీన అన్నపూర్ణ ప్రాంతంలో మంచై కురిసింది. థొరాంగ్ లా సహా ఆ చుట్టుపక్కల కొండలన్నిటిలో కలిపి 40 మందికి పైగా చనిపోయారు. ట్రెక్కర్లే కాదు, నేపాలీ గైడ్లు, పోర్టర్లు, జడలబర్రెలు కాసుకునేవాళ్లు కూడా. మా ఇంటి కప్పు లేపిన గాలే అక్కడ వాళ్ల మీద మంచు పోసిందన్న సంగతి ఆ కనుమ మీద నిలబడినప్పుడు నాకు గుర్తొచ్చింది, చాలాసేపు మాట రాలేదు. 30 కిలోలు మోస్తూ పల్చటి ట్రాక్ ప్యాంటుతో ఎక్కే పోర్టర్‌ని చూపించి, వాళ్లు ఎక్కడం లేదా అనేవాళ్లున్నారు. దయచేసి ఆ మాట అనకండి. స్తోమత లేక ఎక్కుతున్నారు వాళ్లు.

కాబట్టి మూడింటి దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. గాలినీ నీళ్లనూ ఆపే పై జాకెట్టు ఒకటి. బండి మీద వేసుకునే రెయిన్ కోటు అయితే లోపలి చెమటంతా లోపలే ఉండి బయటి వాన కంటే ఎక్కువ తడుపుతుంది, చంకల కింద జిప్పు ఉన్నది చూసుకోండి. రెండోది మేజోళ్లు, కాటన్‌వి వద్దు, పాదం నానితే బొబ్బలే, బొబ్బ వచ్చాక ఎంత డబ్బున్నా ఏం చేయలేం. మూడోది ప్లాస్టిక్ కవర్లో కట్టి దాచిన పొడి జత. ఎంత తడిసినా, ఎంత బుద్ధి పుట్టినా టెంటులోకి దూరే దాకా అది తీయకూడదు. పక్షి ఈకల డౌన్ జాకెట్టు కొనే డబ్బులుంటే మంచిదే, కానీ అది తడిస్తే ముద్దగా అణిగిపోయి పనికి రాదు, సింథటిక్ దూది తడిసినా కొంత కాస్తుంది. ఆ లావు జాకెట్టు కూడా కొననక్కర్లేదు, సాంక్రీలోనే అద్దెకు దొరుకుతుంది.

ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయరు. మా అక్క నాతో ఒక ట్రెక్‌కి వచ్చినప్పుడు లేడీస్ సెక్షన్లో ప్యాంటుకి జేబుల్లేవు, ఉన్నా ఫోను పట్టదు, రేటు మాత్రం ఎక్కువ. చివరికి మగవాళ్ల ట్రాక్ ప్యాంటు చిన్న సైజు కొని నడుము దగ్గర కుట్టించుకుంది. లోపల వేసుకునేవి కూడా కాటన్ కాకుండా చూసుకోమని, ఒరిపిడికి లోపల సైక్లింగ్ షార్ట్స్, పైన కొబ్బరి నూనెగానీ వ్యాజలీన్‌గానీ రాసుకోమని ముందే చెప్పేవాళ్లు ఉంటే మొదటి రెండు రోజులు అంత ఏడ్చేదాన్ని కాదురా అంది. ఇది మగవాళ్లకూ అంతే, సిగ్గుపడి ఎవరూ చెప్పుకోరు.

కొనేముందు ఇంట్లో ఒక పని చేయండి. మీ దగ్గరున్న టీషర్టులన్నీ బకెట్లో ముంచి పిండి నీడలో ఆరేయండి. గంటన్నరలో ఏది ఆరిందో అది మీతో వస్తుంది. తర్వాత ఆ బట్టలతోనే, పూర్తి బరువున్న సంచితో అలిపిరి మెట్లో, సింహాచలం మెట్లో, భువనగిరి కోటో ఎక్కండి. ఎక్కడ రాసుకుంటోందో, ఎక్కడ కుట్టు గుచ్చుకుంటోందో అక్కడే తెలిసిపోతుంది.

కాఠ్మాండూలో కీప్ అనే సంస్థ పోర్టర్ల కోసం బట్టల బ్యాంకు పెట్టింది, కొండ దిగినవాళ్లు తమ జాకెట్లు ఇచ్చి వెళ్తే ఎక్కబోయే పోర్టర్లు వాడుకుని తిరిగిస్తారు. మనం ఎందుకు చేయలేం? ఏడాదికోసారి వేసుకునే జాకెట్లు ఎన్ని ఇళ్లలో బీరువాల్లో మడత పెట్టి ఉన్నాయో.

మా తమ్ముడికి నా లావు జాకెట్టు, ఫ్లీస్ ఇచ్చేస్తున్నాను. వాడికి కావాల్సింది ఇక ఒక వాన జాకెట్టు, మేజోళ్లు, రెండు టీషర్టులు. ఇవాళ పొద్దున ట్రెక్ మళ్లీ బుక్ చేసుకున్నాడు. జనవరి మొదటి వారంలో వాడు తిరిగొచ్చాక ఆ రెండూ ఖాళీగా ఉంటాయి, లార్జ్ సైజు, ఛాతీ 42. మీ ఇంట్లో ఎవరైనా మొదటిసారి వెళ్తుంటే అడగండి, డబ్బులేం వద్దు, ఉతికి ఆరబెట్టి ఇస్తే చాలు.