మహారాజశ్రీ కంటి చుక్కల మందు గారికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఈ ఉత్తరం నిన్ననే రాయాల్సింది. తమరి దయవల్ల రాత్రి ఏడింటి దాకా అక్షరం ఆనలేదు.

శుక్లం ఆపరేషన్‌కి ముందు పరీక్షలంటే తెనాలిలో పొద్దున్నే బస్సెక్కి విజయవాడ వచ్చాను. తోడు తెచ్చుకోమని చీటీ మీద ఉందట, అడుగున చిన్న అక్షరాల్లో. శుక్లాల వాళ్ళకి చిన్న అక్షరాలు! తొమ్మిదింటికి నర్సమ్మ కింది రెప్ప లాగి, తమరిని ఒక చుక్క వదిలి, చేతిలో దూది పెట్టి, "కళ్ళు మూసుకుని కూర్చోండి తాతగారూ, పావుగంటలో పిలుస్తాం" అంది.

నా గొడవంతా ఆ పావుగంటతోనే. కళ్ళు మూసుకున్నవాడికి గడియారం కనపడదని కదూ అంత ధైర్యం? ఏ పావుగంటా నలభై నిమిషాలకి తగ్గలేదు. మొదటిది మంట. రెండోది గొంతులో చేదు. కంటికీ గొంతుకీ దారి ఉందని 66 ఏళ్ళకి తెలిసింది. ముక్కు పక్కన కంటి మూల వేలితో నొక్కి పట్టుకుంటే దిగదట, ఆ సంగతి మూడో చుక్కకి గానీ చెప్పలేదు. టార్చి వేసి చూడటం, "ఊహూ, కంటిపాప ఇంకా విచ్చుకోలేదు" అనడం, ఇంకో చుక్క. నా తరవాత వచ్చిన పక్కాయన విచ్చుకుని, చూపించుకుని, క్యాంటీన్‌లో ఇడ్లీ తిని ఇంటికి కూడా పోయాడు.

ఆరో చుక్కకి నర్సమ్మకి అనుమానం వచ్చింది. హాలంతా వినపడేలా, "తాతగారూ, ప్రోస్టేటు మాత్రలేమైనా వాడుతున్నారా?" అంది. అందరి కళ్ళూ మూసే ఉన్నాయి గానీ చెవులన్నీ ఒక్కసారి విచ్చుకున్నాయి.

వాడుతున్నాను, రాత్రికొకటి. మూత్రం మాత్రకీ కంటికీ ఏం సంబంధమని చెప్పలేదు. ఉందట. టామ్సులోసిన్ అనే ఆ మాత్ర పాపను సరిగా విచ్చుకోనివ్వదట. ఆపరేషన్ మధ్యలో పాప చుట్టూ ఉండే రంగు పొర పట్టు తప్పి అల్లల్లాడవచ్చట. మానేసినా ఆ గుణం పోకపోవచ్చు, కానీ ముందే తెలిస్తే డాక్టరు జాగ్రత్త పడతారు. నా పాత షుగరు కూడా ఒక చెయ్యి వేసిందట. అంటే విచ్చుకోకపోవడంలో తప్పు తమరిది కాదు, నాది. అయినా క్షమించను.

మిగతావాళ్ళతో పెద్ద పేచీ లేదు. లెన్సుల ధరల పట్టిక పరిచి, దూరానికొకటి, దూరం దగ్గర రెండింటికీ ఒకటి, సిలిండర్ పవరుకి ఒకటి అంటూ పట్టుచీరలు చూపించినట్టు చూపించిన అమ్మాయికి నమస్కారం. "ముదరనివ్వండి మాస్టారూ" అనే ఎదురింటాయనా, అవి మా నాన్నగారి రోజులు. ఇప్పుడు 2-3 మిల్లీమీటర్ల గాటులోంచి అల్ట్రాసౌండుతో ముక్కలు చేసి లాగేస్తారు, ముదిరితేనే ఆ పని కష్టం. పప్పు తింటే చీము పడుతుందని మా అక్కయ్య. డాక్టరేమో ఏదైనా తినండి, కంట్లో నీళ్ళు పడనివ్వకండి, నలపకండి అన్నారు. మా ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో తమరే ఊహించుకోండి.

ఒంటిగంటన్నరకి విచ్చుకున్నాను. మురిసిపోతూ మిషన్ మీద గడ్డం ఆనించాను. అక్కడి కుర్రాడు చీటీ తిప్పి చూసి, "లెన్సు కొలతలు తియ్యలేదా? చుక్కలకి ముందే తియ్యాలి కదండీ" అన్నాడు. చుక్కలు పడ్డాక నల్లగుడ్డు పైపొర కొలత అటూ ఇటూ కావచ్చట, కొలత తప్పితే లెన్సు పవరూ తప్పుతుందట. గురువారం రమ్మన్నారు.

నాలుగున్నర గంటలు! ఆరు చుక్కలు! ఆ చీటీలో ఒక గడి ఖాళీగా ఉందని, మొదటి చుక్క వేసేముందు ఒక్కళ్ళు చూడలేదు. శుక్లం నాకా, మీకా? అని అరవాల్సింది. "అలాగేనమ్మా" అని లేచొచ్చాను.

బయట ఎండ సూదుల్లా గుచ్చింది. బస్టాండులో బోర్డులన్నీ తెల్లటి మరకలు. తెనాలి బస్సు ఏదని అడిగితే ఒక కుర్రాడు చదివి చెప్పి, జాలిగా, "చదువుకోలేదా తాతా?" అన్నాడు.

34 ఏళ్ళు తెలుగు పంతులుగా చేశాను.

గురువారం కలుద్దాం. ముందు కొలతలు, తరవాతే తమరు. నల్లద్దాలు, తోడుకి మా అల్లుడు, రెండూ తెచ్చుకుంటాను. మాత్ర పేరు కాగితం మీద రాసి తెచ్చి, నర్సమ్మ చేతికిస్తాను. పైకి చదవొద్దని కూడా రాస్తాను, పెద్ద అక్షరాల్లో.

ఇట్లు,
ఎట్టకేలకు విచ్చుకున్న తమ విధేయుడు