మార్చుకున్నా అమ్మినట్టే లెక్క
పాత మిలటరీ రైఫిల్‌ను డబ్బుకు అమ్మేకన్నా మరో తుపాకీతో మార్చుకోవడమే లాభమన్న వాదన నాకు నచ్చలేదు. ఇక్కడ బెంగళూరులో మార్పిడికీ అవే కాగితాలు: అధికారులకు ముందే తెలియజేసి 45 రోజులు ఆగాలి, పైగా ఆయుధాల చట్టానికి 2019లో వచ్చిన సవరణ తర్వాత ఒక్కో మనిషికి రెండు తుపాకులే. మల్లేశ్వరంలో మా పెదనాన్నగారి మార్టినీ-హెన్రీ రైఫిల్‌కు (1871లో బ్రిటిష్ సైన్యంలోకి వచ్చిన రకం) బదులుగా ఒకాయన కొత్త డబుల్ బ్యారెల్ ఇస్తానన్నాడు. ముందు రైఫిల్ కుడిపక్క ముద్రలు చూడమని పెదనాన్నతో అన్నాను: కిరీటం, వి.ఆర్. (విక్టోరియా రాణి గుర్తు), ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ తుపాకుల కర్మాగారం పేరు), సంవత్సరం. ఖైబర్ కనుమ ప్రాంతంలో చేతితో చేసిన నకళ్లలో ఒక్కోసారి ఇంగ్లిషు ఎన్ అక్షరం తిరగబడి ఉంటుంది. ఇందులో సరిగ్గానే ఉంది. అంత విలువైన సరుకుకు బజారులో ఎప్పుడైనా దొరికే తుపాకీ ఏం సమానం? అవసరమైతే నేరుగా అమ్మాలి, ధర తేలుతుంది.