సున్నా కట్టిన ఐసీయూ

‘మా ఐసీయూలో ఇన్ఫెక్షన్ రేటు సున్నా’ అని రిసెప్షన్ గోడకు ఫ్రేము కట్టుకున్న ఆసుపత్రులంటే నాకు అపారమైన గౌరవం. క్లెబ్సియెల్లా, అసినెటోబ్యాక్టర్ అనే ఆసుపత్రి బ్యాక్టీరియాలు లోకమంతా తిరిగి హన్మకొండ పొలిమేరల్లోనే సిగ్గుపడి వాపస్ పోతున్నాయంటే మాటలా!

సున్నా తయారీ కష్టమేం కాదు. సెంట్రల్ లైన్ (పెద్ద సిరలోకి వేసే గొట్టం) వల్ల రక్తానికి సోకిన ఇన్ఫెక్షన్లను లైన్లున్న రోజులతో భాగించి వెయ్యితో హెచ్చిస్తే ఆ రేటు వస్తుంది. కింది అంకెను నర్సు రోజూ ఒకే వేళకు రాస్తుంది, దాని జోలికి పోవద్దు. పైఅంకె కల్చర్‌లోంచి, అంటే రక్తంలో క్రిములు మొలుస్తాయేమో చూసే పరీక్షలోంచి పుడుతుంది, కాబట్టి కల్చర్ పంపొద్దు. పంపక తప్పదా, ముందు యాంటీబయాటిక్ ఎక్కించి తర్వాత రక్తం తీయండి. రెండు వేర్వేరు చోట్ల, చర్మానికి క్లోర్‌హెక్సిడిన్ రుద్ది, ఆరినాక, సీసాకు 8 నుంచి 10 మిల్లీలీటర్లు తీయాలని పుస్తకాలంటాయి. మీరు ఒక్క సీసాలో 3 పోయండి. ఐదు రోజులకు చాలాసార్లు ‘నో గ్రోత్’ వస్తుంది. దొరకలేదన్న మాటే తప్ప లేదని కాదు. ఆ తేడా ఫ్రేముకు తెల్వదు.

ఇక నెలవారీ కమిటీ. పోయిన నెల మినిట్సే, తేదీ మాత్రం కొత్తది. సంతకాలు ముందే అయినయి, సమోసాలు ఇంకా రాలే. వరుసగా నాలుగు బెడ్లలో ఒకే క్లెబ్సియెల్లా, మెరొపెనెమ్ అనే గట్టి యాంటీబయాటిక్ ఎదురుగా అన్నిట్లో ‘ఆర్’ (రెసిస్టెంట్, మందుకు లొంగదు) అని మైక్రోబయాలజిస్టు నోరు తెరిచింది. “బయటి నుంచి తెచ్చుకున్నరు మేడమ్” అన్నరు ఎండీ గారు. చేరిన 48 గంటల తర్వాత మొదలైతే ఆసుపత్రిదే కదండీ, ఆ నలుగురిలో ఒకాయనకు జ్వరం ఎనిమిదో రోజున వచ్చింది అందామె. “పరకాల నుంచి బ్యాగుల తెచ్చుకున్నడేమో.” అయితే కంటామినేషన్ అని రాద్దామన్నారొకరు. రక్తంలో మొలిచిన క్లెబ్సియెల్లాను చర్మం మీది మురికి అనలేమని ఆమె మొత్తుకుంటుంటే సమోసాలొచ్చినయి. తీర్మానం: సిబ్బంది చేతులు కడుక్కోవలెను. హ్యాండ్‌రబ్ సీసాలు ఖాళీ అన్న సంగతి ఎజెండాలో లేదు.

2010లో బ్యాక్టీరియాను మందులకు లొంగనీయని కొత్త ఎంజైముకు న్యూఢిల్లీ పేరు తగిలించారని సర్కారే అలిగింది. ఆసుపత్రి అలగదా?

ఆ నాలుగు బెడ్లలో ఒకాయనకు ఆఖరి అస్త్రంలాంటి యాంటీబయాటిక్ కొలిస్టిన్ పెట్టారు, కిడ్నీలు దెబ్బతిన్నయి, పోయాడు. మరణ ధ్రువీకరణ ఫారం 4లో చనిపోయిన తీరు కాదు, కారణం రాయమని అచ్చేసి ఉంది. రాసింది మాత్రం ‘కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్’. గుండె ఆగకుండా ఎవడు సచ్చిండయ్యా?

పక్క బెడ్డాయన ఇంటోళ్లకు “హైదరాబాద్ తీస్కపోండ్రి” అని చెప్పారు. ఇక చావు అక్కడి లెక్క. రెఫరల్ చీటీలో కల్చర్ ఊసే లేదు, అక్కడ జనరల్ వార్డు నడుమ పడుకోబెడతారు. ‘కార్బపెనెమ్‌కు (మెరొపెనెమ్ జాతి మందులకు) లొంగని క్లెబ్సియెల్లా, విడి గదిలో ఉంచండి, గ్లౌజులూ గౌనూ వేసుకోండి’ అని ఒక్క లైను రాస్తే మీ పెన్నులో సిరా అయిపోతదా?